పొయ్యి ముట్టించని వంట

డెబ్బైల చివరి రోజులవి. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఒక ఆడపిల్లకు చదువు అబ్బలేదంటే ‘పోనీలే పాపం’ అనేవాళ్లు. వంట అబ్బలేదంటే మాత్రం ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు, పైకి చెప్పుకోకూడని జబ్బేదో చేసినట్టు. నాకా జబ్బు ఉండేది. పైగా దాన్ని దాచుకోవాలన్న బుద్ధి కూడా లేదు. నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఇరవై దాటీ దాటకముందే ఆళ్లగడ్డలో బడి ఉద్యోగం తెచ్చుకున్న నేను, ఇక ఈ లోకంలో ఎవరికీ తీసిపోనని తీర్మానించేసుకున్నాను. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడటం రానివాళ్లకు కూడా భూమ్మీద చోటుంటుందని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మెతుకు పట్టి చూడటం మాత్రం తర్వాత నేర్చుకున్నాను.)

నేను ఉండేది మా మేనత్త ఇంట్లో. నాయన నంద్యాలలో లెక్కల అయ్యవారు. నన్ను ఆళ్లగడ్డకు పంపేటప్పుడే తన అక్కకు అప్పగించాడు, రైలెక్కేటప్పుడు పెట్టెను పక్కవాళ్లకు అప్పగించినట్టు. మా అత్త సామాన్యురాలు కాదు. మా చర్చిలో పెళ్లయినా, పండగైనా, గాడిపొయ్యి దగ్గర చీరకొంగు బిగించి నిలబడేది ఆమే. ఆమె గరిటె ఎత్తితే పెద్దమనుషులు సైతం పక్కకు జరిగేవాళ్లు. అలాంటి మనిషి ఇంట్లో, ఆమె ఊరికి పోయిన రోజు చూసి, నేను సంగటి చేశాను. పిండి ఎక్కువైందో నీళ్లు తక్కువయ్యాయో ఆ దేవుడికే తెలియాలి. తెడ్డు పైకెత్తితే సట్టి కూడా దాంతోపాటు లేచింది. తెడ్డునూ సట్టినీ విడదీయలేక పెరట్లో పెట్టి, పైన గంప బోర్లించాను. అత్త వచ్చి గంప ఎత్తి చూసి, అరవలేదు, తిట్టలేదు. వీధిలోని ఆడవాళ్లందరినీ పిలిచి చూపించింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

సరిగ్గా ఆ వారంలోనే బడి పక్క సందులో ఒక గది ఖాళీ అయింది. నాపరాళ్లు పరిచిన చిన్న గది, సందువైపు ఒక కిటికీ, దానికి నాదంటూ ఒక తాళం. అత్త ఇంట్లో ఎనిమిదింటికి దీపం ఆర్పేసేవాళ్లు. పుస్తకం పట్టుకుంటే ‘కళ్లు పోతాయి మే’ అనేవాళ్లు. బడి నుంచి పావుగంట ఆలస్యమైతే దారిలో ఎవరితో మాట్లాడానో వరసగా చెప్పాల్సి వచ్చేది. నాకా గది కావాలి. ఆ మాట చెప్పగానే నాయన బస్సెక్కి వచ్చేశాడు. నా ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, ఆ నెమ్మదితోనే నన్ను మరీ మండిస్తూ, “నువ్వు గంజి కూడా కాచుకోలేవు కదా పాపా. ఒక్కదానివే యాడనో ఉండి ఏం తిని బతుకుతావ్? మీ అత్త కాడ ఉండలేనంటే ఈ ఉద్యోగమే వద్దు. సెలవులకు నంద్యాలకు వచ్చెయ్. మన కళ్ల ముందరే ఇంకోటి చూసుకుందాం” అన్నాడు.

ఉద్యోగం వదులుకోవాలా? నాకు ఒళ్లు మండిపోయింది. “వంట రాకుంటే ఉద్యోగం చేయకూడదని యాడ రాసుంది నాయనా? మా హెడ్మాస్టరుకు వంట వస్తాదా?” అన్నాను. అత్త తలుపు దగ్గర నిలబడి చాటలో బియ్యం చెరుగుతూ నవ్వింది. “వంట నోటితో చేసేదైతే నీ అంత దాన్ని ఈ జిల్లాలో చూడలేం మే. వచ్చే వారం ఈస్టరు విందు. ఒక్క వంట చెయ్యి, ఎవురి సాయమూ లేకుండా. జనం పారేయకుండా తిన్నారంటే ఆ రూముకు నేనే మీ నాయనతో చెప్తా” అంది. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. నా నోరు నాకంటే రెండడుగులు ముందుండేది. “చేస్తా. ఒక్క వంట కాదు, పొయ్యి ముట్టించకుండానే వంట చేస్తా చూడు” అన్నాను. చెరగడం ఆగిపోయింది. “పొయ్యి ముట్టించకుండా అయ్యేది వంట కాదు మే, చద్ది” అంది అత్త.

ఆ మాట అనేటప్పుడు నా మనసులో ఉన్నది నంద్యాల హాస్టల్ వార్డెన్. ఆమె చిన్నప్పుడు దొరల బంగళాలో పెరిగిందని మేమంతా ‘బంగళా అమ్మ’ అనేవాళ్లం. మా ట్రైనింగ్ ముగిసిన రోజున గాజుగిన్నెలో ఆమె ఒకటి చేసి పెట్టింది: అడుగున బిస్కెట్లు, వాటి మీద పండ్ల ముక్కలు, వాటి మీద గిలక్కొట్టిన మీగడ, మళ్లీ బిస్కెట్లు, మళ్లీ పండ్లు, మళ్లీ మీగడ. నిప్పు అవసరం లేదు. ఈస్టరు ముందు రోజు శనివారం పొద్దున్నే నంద్యాలకు పోయి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె నా పందెం కథంతా విని, పకపకా నవ్వి, చెప్పింది: “గాజులో చెయ్యి. నోటికంటే ముందు కన్ను తినాల. ఇంకో మాట మరిచిపోవద్దు. సల్లగుంటే రాణి మే అది. వెచ్చబడిందా, కుడితి.” ఏప్రిల్ నెలలో, ఆళ్లగడ్డలో, ఆ మాట! మా ఊళ్లో ఆ నెలలో కడవలో నీళ్లు కూడా కాగేవి.

అయినా వెనక్కి తగ్గేదాన్ని కాదు. వెన్న మిషన్ తిప్పేవాళ్ల దగ్గర పచ్చిపాల మీగడ క్యాను నిండా తీసుకున్నాను. తొలికాపు బేనీషా మామిడిపండ్లు, అరటిపండ్లు, నల్లద్రాక్ష, రెండు బొప్పాయిలు కొన్నాను. ఐసు ఫ్యాక్టరీలో తలగడంత ఐసుగడ్డ తీసుకుని, ఊక పోసిన గోనెసంచిలో చుట్టించి, ఆళ్లగడ్డ బస్సులో సామాన్ల పలక మీదికి ఎక్కించాను. దాని కింద కూర్చున్న పెద్దాయన తెల్లటి తలపాగా చుట్టుకుని నిద్రపోతున్నాడు. ఊరు దాటకముందే గోనెసంచి కారడం మొదలుపెట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, పైకి చూసి, నన్ను చూసి, “అమ్మణ్ణీ, నీ మూట ఏడుస్తాంది” అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు సంచి దింపేయమన్నాడు. “దింపితే నేనూ దిగుతా, నాతోపాటు నా టికెట్టూ దిగుతాది, అది నీకు ఇష్టమేనా?” అని అడిగాను (ఆ ప్రశ్నకు అర్థమేమిటో నాకూ తెలియదు, గట్టిగా అడిగితే చాలనుకున్నాను). కండక్టరు కాసేపు ఆలోచించి వెళ్లిపోయాడు. పెద్దాయన తలపాగా విప్పి, తడిసిన వైపు నెత్తిమీదికి వచ్చేలా మళ్లీ చుట్టుకుని, “సల్లగా ఉండాదిలే” అని కళ్లు మూసుకున్నాడు. ఆళ్లగడ్డలో దిగేసరికి తలగడంత గడ్డ కాస్తా ఇటుకంత అయింది.

గాజుగిన్నెలు మా ఇంట్లో యాడివి? బస్టాండు దగ్గర టీ అంగడి నడిపే బన్ను మామ తన బిస్కెట్ల గాజు జాడీలు నాలుగు ఖాళీ చేసి, నాకు కావలసిన బిస్కెట్లతో సహా ఇచ్చాడు. వాటిని కడిగి, వసారాలో కూర్చుని పని మొదలుపెట్టాను. అత్త సాయం చేయకూడదు కాబట్టి గడపలో కూర్చుని విమర్శ మాత్రం చేసింది. “ఆ బిస్కెట్లు యాడ కాల్చినారు? పొయ్యిలోనే కదా?” అంది. “ఆ పొయ్యి నేను ముట్టించలేదు” అన్నాను. “చక్కెర?” అంది. “అదీ నేను కాచలేదు.” “మీగడ?” అని గెలిచినట్టు చూసింది. “పచ్చిపాలది అత్తా. నీ పొయ్యి సెగ దానికి తగల్లేదు!” అన్నాను. ఆ ఉత్సాహంలో ఐసు మీద పెట్టిన గిన్నెలోని మీగడను కవ్వంతో అంత కసిగా చిలికానంటే, పొంగాల్సింది పొంగకుండా ముద్దలు ముద్దలుగా వెన్న తేలింది. అత్త లేచి వచ్చి ఆ గిన్నె తీసుకుని, “నెయ్యికి పనికొస్తాదిలే” అని లోపలికి పోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడిస్తే గదికి నీళ్లొదులుకున్నట్టే. క్యానులో మిగిలిన సగం మీగడను ఈసారి మెల్లగా, పాపాయికి తల దువ్వినట్టు గిలక్కొట్టాను. అది లేచింది. దూదిలా, తెల్లగా, కవ్వానికి అంటుకుని నిలబడింది. పొద్దుగూకేలోపల నాలుగు జాడీలూ నిండాయి. పసుపు, తెలుపు, నలుపు, ఎరుపు పొరలు గాజులోంచి కనిపిస్తుంటే చుట్టుపక్కల పిల్లలు వచ్చి జాడీల చుట్టూ కూర్చున్నారు. అత్త కూడా ఒకసారి తొంగిచూసి, చూడనట్టు తిరిగిపోయింది. కానీ ఐసు అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా దీన్ని చల్లగా ఉంచేదెట్లా? నాకు చర్చి ఆవరణలోని బావి గుర్తొచ్చింది. వేసవిలో కూడా దాని నీళ్లు పళ్లు జిల్లుమనిపించేవి. జాడీలకు మూతలు బిగించి, గుడ్డ చుట్టి, రెండు బొక్కెనల్లో రెండేసి పెట్టి, నీళ్లు తాకేంతవరకు దింపి, తాళ్లు గిలక కమ్మీకి కట్టేసి వచ్చాను. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే ఆ వంటకు బావి సాయం చేసిందని అత్త అంటుందేమోనని భయం.

ఈస్టరు ఆదివారం పొద్దున చర్చి కిక్కిరిసింది. నాయన నంద్యాల నుంచి మొదటి బస్సుకే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు పెద్ద ప్రార్థన అందుకున్నారు. ఆయన పెద్ద ప్రార్థన అంటే పైరుపచ్చలు, పాడిపశువులు, ఊళ్లో రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, అందరినీ పేరు పేరునా తలుచుకునేదాకా ఆగదు. అందరం కళ్లు మూసుకున్నాం. ఇంతలో కిటికీలోంచి గంట తాత (చర్చి గంట కొట్టేది ఆయనే, చూపు కొంచెం మందం) కేక వినిపించింది. “అయ్యగారూ! బావిలో మీగడ ఊరతాంది!” ఒక్కసారిగా కళ్లన్నీ తెరుచుకున్నాయి. కాళ్లు కడుక్కుందామని బొక్కెన లాగితే జాడీలు వచ్చాయట. మూత తీసి వేలు పెట్టి నాకాడట. “తియ్యగుండాది! మామిడిపండు గూడా పడినాది!” అని ఇంకో కేక. పాస్టరు అయ్యగారు పాడిపశువుల దగ్గరే ఆగి, ప్రయాణికులనూ రోగులనూ ఒకే మాటలో కలిపేసి, ఆమెన్ అనేశారు. ఆ చర్చిలో అంత చిన్న పెద్దప్రార్థన ముందెప్పుడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

ఆరాధన ముగిసీ ముగియకముందే జనమంతా బావి దగ్గరున్నారు. “విందులో వడ్డించేది అది, ముట్టుకోవద్దు!” అని నేను అరుస్తూనే ఉన్నాను, నా మాట వినేదెవరు? పిల్లలు దోసిళ్లు పట్టారు. సరే, పెడదామంటే జాడీ మూతిలో విందు గరిటె పట్టలేదు. చేసేది లేక చెయ్యి బాగా కడుక్కుని, మోచేతిదాకా లోపలికి పెట్టి, అడుగు నుంచి తీసి పెట్టాను. నేను మధ్యాహ్నమంతా పేర్చిన పొరలు, ఆ పసుపు, ఆ తెలుపు, ఆ ఎరుపు, ఒక్క పట్టుకే కలిసిపోయాయి. రాత్రంతా ఉండటంతో మీగడ కొంచెం పులుపు కూడా తిరిగింది. (‘అది మామిడి పులుపు’ అని చెప్పాను. నమ్మారు.) చల్లగా మాత్రం ఉంది. అంత ఎండలో నోట్లో చల్లగా ఏదైనా పడటం మా వాళ్లకు కొత్త. గంట తాత మూడోసారి చెయ్యి చాపుతూ, “నోట్లో పెట్టుకుంటే యాడికి పోయిందో తెలీడంలేదు, ఇంకొంచెం పెట్టు మే, ఎతికి చూస్తా” అన్నాడు. నాయన కూడా అరచెయ్యి చాపి నిలబడ్డాడు. తిని, మళ్లీ చాపాడు.

అత్త మాత్రం గాడిపొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అంతా అయ్యాక వచ్చి, “విస్తట్లోకి రానేలేదు. ఇది విందెట్లయితాది? పందెం చెల్లదు” అంది. మోచేతిదాకా మీగడ అంటిన చేత్తోనే ఆమెకు ఎదురు నిలబడ్డాను. “విస్తరన్నావా? పారేయకుండా తింటే అన్నావు. జాడీలు చూడు అత్తా. పారేయడానికి ఏమన్నా మిగిలిందా?” అన్నాను. ఆమె నాలుగు జాడీలూ ఎత్తుకుని తొట్టి దగ్గరకు పోయింది. కడుగుతుందనుకున్నాను. నావైపు వీపు తిప్పి, అటూ ఇటూ చూసి, జాడీ లోపలి అంచు వెంట వేలు గుండ్రంగా తిప్పి నోట్లో పెట్టుకుంది. తర్వాత రెండో జాడీ కూడా. నేను చూడనట్టే ఉన్నాను. గెలిచినవాళ్లకు ఆ మాత్రం పెద్దమనసు ఉండాలి కదా. మధ్యాహ్నం భోజనాలప్పుడు అత్త నాయన పక్కన కూర్చుని, “ఆ రూమేదో ఇప్పీరా. మాటంటే మాటే. ఆకలైతే బావి కాడికి పోతాదిలే” అంది. నాయన తలూపాడు.

గది వచ్చింది, తాళం వచ్చింది. పొయ్యి మాత్రం నేను కొనలేదు. పొయ్యి లేకుండానే బతకగలనని ఊరందరి ముందూ నిరూపించిన మనిషిని, మళ్లీ స్టవ్వు కొంటే ఏమైనా బాగుంటుందా? వారం రోజులు అరటిపండ్లు, బిస్కెట్లు, బొరుగుల్లో ఉల్లిపాయ తరిగి పప్పుల పొడి కలుపుకుని తిన్నాను. కడుపు సణిగింది కానీ తల వంచలేదు. ఒక సాయంత్రం అత్త వచ్చింది. గదంతా కలియజూసింది. “పొయ్యి యాడ?” అంది. “అవసరం లేదు” అన్నాను. చాప మీద కూర్చుని, నేను పెట్టిన బొరుగులు నమిలి, నీళ్లు తాగి, కొంగుతో చెమట తుడుచుకుని లేచింది. సాయంత్రం టీ లేకుండా ఆ మనిషి ఎప్పుడూ ఉండదు. అడగనూ లేదు. సందు చివరిదాకా ఆమె మెల్లగా నడిచిపోవడం కిటికీలోంచి చూస్తుంటే, గెలిచిందెవరో నాకు కాసేపు అర్థం కాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, ఫ్రిజ్ ఉంది, వెడల్పు మూతి గాజుగిన్నెలున్నాయి. పొరలు చెదరకుండా వడ్డించడం కూడా వచ్చు. ఎవరూ వాదించరు, ‘బాగుంది’ అని మర్యాదగా తిని లేచిపోతారు. అప్పుడప్పుడు మోచేతిదాకా మీగడ పూసుకుని బావి దగ్గర నిలబడిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆమె ఎంత పొగరుబోతంటే, అత్త వచ్చిపోయిన మర్నాడే కిరోసిన్ స్టవ్వు కొనుక్కొచ్చి, టీ కాచడం నేర్చుకుని, మళ్లీ అత్త వచ్చినప్పుడు, ‘స్టవ్వు పక్కింటివాళ్లది, ఊరికి పోతూ నా దగ్గర పెట్టిపోయారు’ అని చెప్పింది. అత్త ఆ స్టవ్వును చూసింది, నన్ను చూసింది. “మంచోళ్లే” అని, టీ తాగింది.