తడపని నేల మీదికి హెలికాప్టరు

ఏడో తరగతిలో సైన్సు అయ్యవారు ఖాళీ డబ్బా చూపించి, ఇందులో ఏముందిరా అని అడిగితే ఏమీ లేదన్నాను. "గాలుంది, నీ తలకాయలో ఉన్నట్టే" అన్నాడాయన. ఆ ఏడాదే బడి మానేశాను. ఇప్పుడు గుత్తిలో పంక్చర్ షాపు పెట్టుకుని ఆ గాలే అమ్ముకుంటున్నాను.

2004 ఎన్నికల వేసవిలో మా సుంకమ్మక్క ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో పెద్ద నాయకుడి హెలికాప్టరు దిగుతుందట. షాపు మూసి పొద్దున ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. పక్కనున్న గొర్రెల కాపరికి గొప్పగా చెబితే, "మా ఊరికి ఇంకా బస్సే రాలేదప్పా" అన్నాడు.

గార్లదిన్నెలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, షేర్ ఆటోలో గంటసేపు ఎగిరెగిరి పడ్డాను. ఆ వైపు వెళ్లేవాళ్లు నీళ్లసీసా వెంట తీసుకెళ్లండి. ఊరివాళ్ల బిందెలో వాటా అడగొద్దు.

పదింటికి చేరేసరికి వీధిలో బిందెలు వరసగా ఉన్నాయి, మనుషులు లేరు. రెండు రోజులకోసారి వచ్చే నీళ్ల ట్యాంకరు ఊళ్లోకి రాకుండా బీడు మీదికి పోయిందట. అందరూ అక్కడే ఉన్నారు. సున్నంతో గీసిన పెద్ద గుండ్రంలో డ్రైవరు పైపు పట్టుకుని ఎర్రమట్టిని తడుపుతున్నాడు.

"ఏమప్పా, మన్నుకు దాహమైందా?" అంది అక్క.

హెలికాప్టరు దిగే చోటు చూసుకునే ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు, కోస్తా మనిషి. కోప్పడలేదు. పుల్లతో నేల మీద గీసి చెప్పాడు. "ఫ్యాను గాలిని కిందికి తోస్తుందమ్మా. ఆ గాలి నేలను కొట్టి, పక్కలకు పరుచుకుని, పైకి సుడి తిరిగి మళ్లీ ఫ్యాను మీదికే వస్తుంది. దుమ్మంతా దాంతోపాటు లేస్తుంది. పైలట్‌కి నేల కనపడదు."

"విమానానికీ ఇంతేనా సార్?" అన్నాను.

"రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొన దగ్గర కింది గాలి పైకి జారి, పగ్గం పేనినట్టు మెలి తిరుగుతూ వెనక్కి పోతుంది. పెద్ద విమానం వెనకే వెళ్లిన చిన్నది ఆ సుడిలో పల్టీ కొట్టగలదు."

గాలి సందు దొరికిన వైపు దూరుతుందన్న సంగతి నాకు కొత్త కాదు. నా పొట్ట నిండేది దాని మీదే.

అక్క అంతా విన్నది. "నువ్వు చెప్పింది నిజమేలే సారూ. దుమ్ము లేస్తాదని తడుపుతాండారు. మా ఊర్లో దుమ్ము రోజూ లేస్తాండాది. ఎప్పుడన్నా తడిపినారా?" అని చంకలోని బిందెను పైపు కింద పెట్టింది.

పార్టీ కండువా ఒకటి ఉరికి వచ్చింది. "తియ్యక్కా, సార్ వచ్చే టైమైంది."

"నువ్వే తియ్యి, చూస్తా."

అతను డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు, "బిందె పెట్టినాక నేల మీదెట్ల పోస్తానన్నా?" అన్నాడు. ఊరంతా వీధిలోకి ఉరికి, వరసలో పెట్టిన బిందెలతో తిరిగి వచ్చేసింది. హెలికాప్టరు చూడబోయిన నేను చేతికొక బిందె మోశాను. మిలిటరీ ఆయన వైర్‌లెస్‌లో నేల తడవలేదని చెప్పేసి, అందరినీ దూరం జరిపాడు.

పన్నెండు దాటాక అది వచ్చింది. కిందికి దిగేకొద్దీ ఎర్రటి దుమ్ము గుండ్రంగా లేచి, అంచులో మెలి తిరిగి, ఫ్యాను మీదికే వాలింది. పుల్లతో గీసిన బొమ్మ లేచి నిలబడింది. తోక మాత్రం కనబడుతుండగా హెలికాప్టరు మళ్లీ పైకి లేచి, రోడ్డు మీది మార్కెట్ యార్డు వైపు పోయింది. అక్కడ సిమెంటు నేల ఉంది.

నాయకుడు జీపులో వచ్చాడు. కనుబొమల దాకా ఎర్రమన్ను. మైకు పట్టుకునే ముందు మంచినీళ్లు అడిగాడు. అక్కే చెంబు అందించింది. "తాగు నాయనా. నువ్వు దిగేదానికి తెప్పించిన నీళ్లే."

ఆయన చెంబు ఖాళీ చేశాడు. ఆ రోజు ఉపన్యాసం పొట్టిగా ముగిసింది.

సాయంత్రం ప్యాసింజరుకు అక్క స్టేషన్ దాకా వచ్చింది. హెలికాప్టరును తాకలేకపోయినా, అది వెనక్కి తిరగడం చూసినవాణ్ని. ఈ ప్రయాణం నష్టం కాదనిపించింది. బండి కదిలేటప్పుడు మాత్రం భయం వేసి అడిగాను. "అక్కా, వాళ్లు కోపం పెట్టుకుని ఎల్లుండి ట్యాంకరు పంపకపోతే?"

"పంపకపోతే మళ్ల యాడ దిగుతారంట? పైన తిరుక్కుంటా ఎంతసేపు ఓట్లడుగుతారు? దిగాల్సింది ఈ దుమ్ములోనే కదప్పా."