నాడె ఆగినప్పుడు

మొన్న మంగళవారం పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడు ఆదోనికి వచ్చాడు. గడపలోనే నిలబడి, "అత్త పోయిందక్కా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఈ మాట ఎప్పుడు వినాల్సి వస్తుందోనని ఐదేళ్లుగా భయపడుతూనే ఉన్నాను.

మా మేనత్త బొంబాయిలో ఒక బ్యాలే బృందంలో ఇరవై ఏళ్లు నాట్యం చేసింది. చివరి కొన్నేళ్లు దాన్ని తానే నడిపింది. గుండె జబ్బు చేసి, ఇక ఆడకూడదని డాక్టరు చెప్పాక ఎమ్మిగనూరులో మా పుట్టింటికి వచ్చేసింది. రోజూ మగ్గం గుంజ పట్టుకుని, నాట్యానికి నిలబడినట్టే మడమలు కలిపి వేళ్లు బయటికి తిప్పి, మడమలు ఎత్తి దించేది. ఎందుకని అడిగితే, "కాళ్లు మర్సిపోతాయేమోనని భయం పాపా" అనేది.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా వీధి ఆడపిల్లలు ఎనిమిది మందిని చేర్చి, నేత పని మీద ఒక బ్యాలే తయారుచేసింది. ఏడుగురు నిలువుగా సాగే పడుగు దారాలు. వాళ్ల మధ్య అడ్డదారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడెను నేను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. అత్త గొంతు పెంచేది కాదు. ఎవరైనా అడుగు తప్పితే కళ్లు మూసుకునేది. మాకు దెబ్బలకన్నా అదే ఎక్కువ భయం.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి గోదాము ముందు ప్రదర్శన. ముందురోజు కులపెద్ద మా నాన్న దగ్గరికి వచ్చాడు.

"ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కిస్తే మీ ఇంట్లో నీళ్లు గూడ ముట్టం. సూసుకో."

నాన్న తల దించుకున్నాడు. తెల్లవారాక నేను అత్తతో, "నేను రాను, భయమైతాంది" అన్నాను.

"నాకు కాలేదా? ఎక్కిన ప్రతిసారీ అయ్యేది. అది పొయినాంక ఎక్కుదామని కూసుంటే యాడికీ పోలేము. దాన్ని గూడ పిల్సుకొని పా."

ఎండ ఉండగానే ఆట మొదలైంది. మూడోసారి దారాల మధ్య దూరబోతుంటే ముందు వరసలో కులపెద్ద కనిపించాడు. నా కాళ్లు ఆగిపోయాయి. మద్దెల మోగుతూనే ఉంది. జనంలో ఎవరో నవ్వారు. అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని తెర పక్క నుంచి వచ్చింది. నా వైపు చూడకుండానే అడుగు వేసింది. యాభై దాటిన మనిషి ఆ పిల్లల మధ్య దూసుకుపోతుంటే నవ్వు ఆగిపోయింది. ఆమె వెంట నేనూ కదిలాను. కాసేపటికి తాను పక్కకు తప్పుకుని నన్నొక్కదాన్నే పోనిచ్చింది.

ఆట అయ్యాక చూస్తే పత్తి బేలు మీద రొమ్ము పట్టుకుని కూర్చుంది. పెదవులు నల్లబడ్డాయి.

"నావల్లే కదత్తా" అన్నాను.

"ఊరుకో. మూడేళ్లైండె నేను ఆడి. నువ్వు ఆగిపోబట్టే నాకు సందు దొరికె."

కులపెద్ద మళ్లీ మా గడప తొక్కలేదు. అత్త మాత్రం మంచం మీదినుంచే పిల్లలకు నేర్పింది. ఆమె దగ్గితే నా గుండె ఆగేది. పెళ్లయి ఆదోనికి వచ్చినా ఆ భయం పోలేదు.

మంగళవారం నేను పోయేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టమని నాకు చెప్పారు. ఆ పాదాలు కలిసి నిలవడం లేదు. మడమలు తాకుతున్నాయి, వేళ్లు మాత్రం బయటికే తిరుగుతున్నాయి. నాన్న మగ్గం మీది దారం తెంపి ఇచ్చాడు. నేను ముడి వేయలేదు. దారం పట్టుకుని ఆ పాదాల దగ్గరే కూర్చుండిపోయాను.