బైబిల్ వేసి పట్టిన సీటు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని బైబిల్ రెండుసార్లు చదివినదాన్ని నేను. రోజురోజుకూ పరిశుద్ధురాలినవుతున్నానని గట్టిగా నమ్ముతూ ఉండేదాన్ని. నా పరిశుద్ధత ఎంతో హోసూరు బస్టాండులో తేలిపోయింది.

కృష్ణగిరి బస్సు రాగానే జనం ఎగబడ్డారు. అందరూ కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి సీట్లు పట్టుకుంటున్నారు. నా చేతిలో బైబిల్ సంచి ఒక్కటే ఉంది. అదే వేశాను. తోసుకుంటూ ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒకమ్మాయి కూర్చుని ఉంది. మెడలో ఫ్యాక్టరీ కార్డు, ఎర్రబడిన కళ్ళు. నా సంచి ఆమె ఒడిలో ఉంది.

"లెయ్యమ్మా! ఈడ నేను ముందే సంచి వేసినాను. కండ్లు కనబడలేదా?" అని అరిచాను.

"నైట్ షిఫ్ట్ చేసి వస్తాండాను అవ్వా. కాళ్ళు నిలవడంలేదు."

"దానికి నేనేం చేసేది?"

ఆమె లేచింది. సంచిని కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. "లోపల దేవుడి పుస్తకం ఉండాది కదా, కింద పెట్టకూడదని ఒళ్ళో పెట్టుకున్నాను" అంది.

కూర్చుని పుస్తకం తెరిచాను. ఒక్క ముక్క తలకెక్కితే ఒట్టు. ఆ పిల్ల కడ్డీ పట్టుకుని తూలుతోంది. సగం దారిలో శూలగిరి వచ్చేదాకా ఓర్చుకుని, విసుక్కుంటూనే లేచాను.

"కూర్చో పోమ్మా, నా ప్రాణం తీస్తాండావు."

ఆమె కూర్చుని, ఒక్క మాటైనా అనకుండా నిద్రపోయింది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మోకాళ్ళ నొప్పితో కృష్ణగిరి దాకా నిలబడి, ప్రభువుతోనే పోట్లాడాను: "నన్ను బాగుచేసేదానికి నీకు ఇంకా ఎన్నేండ్లు కావాలయ్యా?"