మల్లేశ్ మోచెయ్యి

ఈ సంగతి ఇన్నేళ్లుగా నాలోనే దాచుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. పెళ్లయ్యాక నా భార్యకూ చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. మల్లేశ్ అనే ఒక మంచి బౌలర్ ఆట నా నోటి మాట వల్ల ఆగిపోయింది. అది వాడికి ఈ రోజుకీ తెలియదు.

నేను వికెట్ కీపర్ని. మా ఇల్లు తార్నాకలో. నాన్నది కాకినాడ వైపు, ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మల్లేశ్ మెదక్ వైపు రైతుల బిడ్డ, యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాడు. ఇద్దరం యూనివర్సిటీ టీమ్‌లో ఆడేవాళ్లం. వాడు ఆఫ్ స్పిన్నర్. ఎండ ముదరకముందే గ్రౌండ్‌కి వచ్చి, నన్ను స్టంప్స్ వెనక నిలబెట్టి బంతులు వేసేవాడు. తర్వాత మా ఇంట్లో టిఫిన్. అమ్మ వాడికి నాకంటే ఒక పెసరట్టు ఎక్కువే వేసేది. నాకు కాస్త మండేది కూడా.

వాడి కుడి చెయ్యి పూర్తిగా చాపినా తిన్నగా రాదు. చిన్నప్పుడు ట్రాక్టర్ మీంచి పడితే ఊళ్లోనే కట్టు కట్టించారు, మోచేతి దగ్గర ఎముక వంకరగా అతుక్కుంది. మీకు క్రికెట్ తెలియకపోయినా ఇంత తెలిస్తే చాలు. బౌలర్ చెయ్యి వంగి ఉండటం తప్పు కాదు. బంతి వదిలేటప్పుడు ఆ వంగిన చేతిని చాపి విసిరితేనే తప్పు. మల్లేశ్ విసరడు. ఆ చెయ్యి చాపడానికి వస్తే కదా! హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి నేనే పట్టుకుని లాగి చూశాను, రాలేదు.

"రేపు ఎవడన్నా అడిగితే నువ్వే చెప్పాలెరా. ఎదురుంగ నిలబడి చూసేది నువ్వే కదా" అన్నాడు నవ్వుతూ. చెప్తాలే అన్నాను.

రాష్ట్ర జట్టు కోసం సెలెక్షన్ మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే పెట్టారు. ఆ రోజు మల్లేశ్ బంతి బాగా తిరుగుతోంది. ఒక బ్యాట్స్‌మన్ ముందుకు దూకాడు, బంతి అందలేదు, క్రీజ్ బయట చిక్కుకుపోయాడు. నేను బంతి పట్టుకుని స్టంప్స్ పడగొడితే చాలు. కానీ వంగి ఉండాల్సినవాణ్ణి తొందరపడి ముందే లేచాను. కొత్తగా గ్లోవ్స్ వేసుకున్న పిల్లలు చేసే తప్పది. బంతి నా చేతుల కిందనుంచి పోయి బౌండరీ దాటింది. మల్లేశ్ తల పట్టుకున్నాడు, వెంటనే ఆ చేతులు తీసేసి నాకోసం చప్పట్లు కొట్టాడు.

లంచ్‌లో సెలెక్టర్ నన్ను పక్కకు పిలిచారు. ఒకప్పటి ఆటగాడు, మెత్తగా మాట్లాడే పెద్దమనిషి.

"క్యా కీపర్ సాబ్, గంత ఆసాన్ స్టంపింగ్, చేతికొచ్చింది, ఎట్ల పాయె?"

తప్పు నాదే సార్ అంటే అక్కడితో అయిపోయేది.

"ఆ బాల్ వేరేగ వస్తది సార్. జల్ది వేసినప్పుడు మల్లేశ్ చెయ్యి కొంచెం... నాకు తెలుస్తలేదు."

"చెయ్యి అంటే? మోచెయ్యా?"

నేను తల దించుకున్నాను. అవుననలేదు. కాదనలేదు.

"సరే బేటా, పో. అన్నం తిను."

వెళ్లి తిన్నాను కూడా.

ఎందుకన్నాను ఆ మాట? వాడి మీద అసూయా? కాదు, వాడు బౌలర్, నేను కీపర్, వాడు నాకు పోటీయే కాదు. ఒక స్టంపింగ్ వదిలేసినందుకు నన్ను పక్కన పెట్టేస్తారేమోనన్న భయంతో నా చేతుల తప్పును తీసుకెళ్లి వాడి చేతికి అంటగట్టాను, ఆ మాట అంత దూరం పోతుందని నాకేం తెలుసని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, తెలుసు, బౌలర్ చేతి గురించి కీపర్ నోరు విప్పితే ఎంత విలువుంటుందో నాకు బాగానే తెలుసు.

నా పేరు వచ్చింది. వాడి పేరు రాలేదు. సరైన పరీక్ష చేయించి ఉంటే మల్లేశ్ నెగ్గేవాడు, కానీ ఎవరూ అంతదాకా పోలేదు. చేతి మీద డౌటుంది, వేసే తీరు మార్చుకో అని కోచ్ ద్వారా కబురు వచ్చింది. అంతే.

వాడు మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఇక్కడినుంచి చెప్పడం నాకు ఇంకా కష్టం. అదే గ్రౌండ్‌లో, చెయ్యి పక్కకు తిప్పి కొత్తగా వేస్తూ, బంతి బంతికీ నన్నే అడిగేవాడు, ఇప్పుడు మంచిగున్నదా అని. బాగుందిరా అనేవాణ్ణి. బంతి తిరగడం మానేసింది. భుజం నొప్పి పట్టుకుంది. పాత చెయ్యే సరైందిరా అని చెప్పడానికి నాకెన్ని పొద్దులు దొరికాయి! ఒక్కనాడూ చెప్పలేదు. చివరికి యూనివర్సిటీ టీమ్‌లోనూ వాడికి చోటు పోయింది. చదువు అయిందనిపించి మౌలాలిలో ఒక గోడౌన్‌లో పనికి చేరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

నేను రాష్ట్రానికి ఆడాను. బాగానే ఆడాను. పోయిన సీజన్లో నన్ను తీసేశారు, ఇంకా ముప్పై కూడా నిండలేదు. ఆ రోజు మొదటి ఫోన్ మల్లేశ్‌దే. లాలాపేట్‌లో కలిసి టీ తాగాం.

"నీ చేతులల్ల ఏం తప్పు లేదురా. ఎవడో నీ గురించి పోయి చెడ్డగ చెప్పిండు" అన్నాడు.

కప్పు కింద పెట్టేశాను. చెప్పేద్దామనుకున్నాను. వాడు నా భుజం తట్టి, డ్యూటీ ఉందని బండెక్కి వెళ్లిపోయాడు.

వాడికి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబితే నా బరువు దిగుతుంది, మరి వాడికేం మిగులుతుంది? ఏడుపొస్తోంది నాకు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ లంచ్ వేళ చెప్పాల్సిన మాట ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. మీ ముందు అంటున్నాను.

సార్, బంతి మామూలుగానే వచ్చింది. నేనే ముందు లేచాను. మల్లేశ్ చేతిలో ఏ తప్పూ లేదు.