శ్లాబు మీద బెల్లం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాగా పనిచేసే ఆనందకుమార్‌కి ఈ లోకంలో శత్రువంటూ ఎవరైనా ఉన్నారంటే అది గుమ్మం పక్కన గిర్రున తిరిగే కరెంటు మీటరే. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడి, నిన్నటికన్నా ఎంత జరిగిందో చూసి, ఇంట్లో అందరినీ అనుమానంగా చూసేవాడు. అందరూ అంటే భార్య స్వర్ణకుమారి ఒక్కతే.

రెండువేల మూడు వేసవిలో అతని పొదుపు శ్రుతి మించింది. వాళ్ళింట్లో గృహ కూడిక జరిగిన రోజు, పాస్టరు బెన్‌హర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే ఇతను లేచి లైటు ఆర్పేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నాక లైటు ఎవరికోసం? అక్కడితో ఆగితే మహానుభావుడే. ఫ్యాను కూడా ఆపేశాడు! ఒకటే గది, ఇరవై మంది, పైన కాగిపోయిన శ్లాబు. ఆమేన్ అనేసరికి అందరూ చెమటలో మునిగి లేచారు. మర్నాటి నుంచి కూడికల జాబితాలో ఆ ఇల్లు లేదు.

స్వర్ణకుమారికి తల కొట్టేసినట్టయింది.

"పాస్టరమ్మగారిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించేను. మే నెలాఖరు మంగళారం మళ్ళీ మనింట్లోనే కూడిక. ఆ రోజుకి ఇల్లన్నా సల్లబడాల, కూలరన్నా రావాల. ఏది కావాలో మీరే సూసుకోండి," అంది మొగుడితో.

కూలరు పేరు వినగానే ఆనందకుమార్ కళ్ళముందు మీటరు గిర్రున తిరిగింది. పరుగున వెళ్ళి తాపీమేస్త్రి సత్తియ్యను పట్టుకున్నాడు.

"శ్లాబు మీద తెల్లగా సున్నం కొట్టెయ్యి బావా, ఎండ దిగదు. పట్టుండడానికి కూసింత బెల్లం నీళ్ళు కలుపు," అన్నాడు సత్తియ్య.

కూసింత అన్న మాట ఆనందకుమార్ చెవికెక్కలేదు. తేమకి కారిపోయి అమ్ముడుపోని బెల్లం దిమ్మలు మూడు అతని షావుకారు ఊరికే ఇచ్చేశాడు. ఊరికే వచ్చినదాన్ని కొలుచుకుని వాడే మనిషి కాడతను. మూడూ కరిగించి సున్నంలో పోసి, స్వయంగా మూడు పూతలు పూశాడు.

నిజం చెప్పుకోవాలి, ఇల్లు చల్లబడింది. మిట్టమధ్యాహ్నం కూడా గచ్చు మీద కునుకు పట్టేది.

మంగళవారం సాయంత్రం గది నిండింది. స్విచ్చుల జోలికి పోనని భార్యకు మాటిచ్చి ఆనందకుమార్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "ఇల్లు ఎంత చల్లగా ఉందమ్మా!" అని పాస్టరమ్మగారు అనగానే స్వర్ణకుమారి ముఖం చాటంత అయింది. బెన్‌హర్ గారు ప్రార్థన ఎత్తుకున్నారు.

పేటలోని చీమలన్నీ వారం రోజులుగా శ్లాబు మీద పండగ చేసుకుంటున్నాయని ఎవరికి తెలుసు? ఫ్యాను కొక్కెం దగ్గరి పగులులోంచి అవి బారులు తీరి దిగాయి. తిరిగే ఫ్యాను వాటిని పక్షపాతం లేకుండా అందరికీ పంచింది. ఒకావిడ "హల్లెలూయ!" అని కేకేసి లేచింది. ఇంకొకాయన భుజాలు ఎగరేశాడు. కళ్ళు మూసుకున్న బెన్‌హర్ గారు, తన ప్రార్థనకే ఇంత కదలిక వచ్చిందని పొంగిపోయి గొంతు పెంచారు. ఆయన కాలరులోకి ఒకటి దిగేదాకా ఆ సంతోషం సాగింది.

అందరూ వీధిలోకి పరుగెత్తారు. సంఘపెద్ద స్టాన్లీ మేడెక్కి, సున్నం వేలితో గీకి నాలిక్కి రాసుకున్నాడు.

"ఓలమ్మ! బెల్లమండీ బాబూ!"

ఒకటే నవ్వులు. అందరి చూపులూ ఆనందకుమార్ మీదే. తన పిసినారితనం వల్ల స్వర్ణ పరువు రెండోసారి పోయింది, ఇంక ఈ గుమ్మం ఎవరూ తొక్కరు అనుకుని అతను తలెత్తలేకపోయాడు.

"నేనే కలపమన్నాను," అంది స్వర్ణకుమారి గట్టిగా. "బెల్లం ఎక్కువైపోనాది. అయితే ఏటి? ఇల్లు సల్లగుందా నేదా, అది సెప్పండి."

నవ్వులు ఆగాయి.

"చల్లగానే ఉందమ్మా," అని మెడ గోక్కుంటూ ఒప్పుకున్నారు బెన్‌హర్ గారు. "మిగతా ప్రార్థన వీధిలో చేసుకుందాం. వచ్చే వారం కూడా ఇక్కడే. చీమల్ని మాత్రం పిలవకండి."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నలుగురిలో ఆమె తనని వెనకేసుకు రావడం అదే మొదలు. ఆనందకుమార్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. అందరూ వెళ్ళాక శ్లాబు కడగడానికి ఇద్దరూ బకెట్లతో మెట్లెక్కుతుంటే ఉండబట్టలేకపోయాడు.

"స్వర్ణా, కూలరు కొనేద్దాం."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని అతనికే అనుమానమేసింది. స్వర్ణకుమారి మెట్టు మీద ఆగి, అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏటీ, కరెంటు ఊరికే వత్తందనుకున్నారా?"