పేగు గోడను చూడని రోజు

కోవిడ్ తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. కోయంబత్తూరు పీలమేడులో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. స్లైడ్లు తయారుచేయడం, మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్టు రాయడం నా పని. చుట్టుపక్కల రైతులు తెచ్చే పురుగుల్ని కూడా చూసి పెట్టేవాళ్లం.

ఒక ఉదయం కారమడై నుంచి రాజమ్మ అనే ఆవిడ పౌడర్ డబ్బా పట్టుకుని వచ్చింది. మూతకు మేకుతో చిల్లులు పొడిచింది. లోపల తేనెటీగలు పాకుతున్నాయి. నాతో తమిళంలో మాట్లాడుతూనే, మధ్యలో డబ్బా వైపు వంగి "ఉండండి, ఉండండి" అని తెలుగులో అంటోంది. మా ఇంటి మాటా అదే. నేను తెలుగులో పలకరించేసరికి ఆమె ముఖం తేటపడింది.

"చూడమ్మణ్ణీ, పదకొండు తేనె పెట్టెలుండాయి. అయిదింట్లో ఇట్లే. వాకిట్లో పడి పాకతాయి, ఎగర ముడియలే." ఎగరలేకపోతున్నాయని.

ఇరవై ఏళ్లు మిల్లులో పనిచేసిందట. పత్తి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, డాక్టరు ఆ పని మానమన్నాడట. "ఈ పెట్టెల దగ్గరే నాకు మూచ్చు ఆడతాది" అంది, ఛాతీ మీద చెయ్యి పెట్టి ఊపిరి పీల్చి చూపిస్తూ.

తేనెటీగ కొండిని పటకారుతో పట్టి మెల్లగా లాగితే పేగంతా బయటికి వస్తుంది. చివరి భాగాన్ని హైండ్‌గట్ అంటాం. అందులోని ద్రవం ఒక చుక్క స్లైడ్ మీద వేసి చూశాను. తోకలాడిస్తూ ఈదుతున్న ఏకకణ జీవులు, లెక్కలేనన్ని. ఆ తోక పేరు ఫ్లాజెల్లం. ఈదడానికే కాదు, పేగు గోడను పట్టుకోవడానికీ వాటికి అదే ఆధారం. తోక కురచబడి, కొస వెడల్పై గోడకు అతుక్కుపోతుంది. అక్కడే ఒకటి రెండవుతూ పెరుగుతాయి. కొన్ని పట్టు వదిలి, మళ్లీ తోక సాచి ఈదుకుంటూ రెట్టతో బయటపడతాయి. అవి మరో ఈగ నోట్లోకి చేరతాయి.

"మందేమి?" అని అడిగింది.

"దీనికి మందు లేదక్కా. జబ్బు పెట్టెలను దూరంగా పెట్టండి. నీళ్లు రోజూ మార్చండి. మూడు వారాల తర్వాత మళ్లీ తీసుకురండి."

చెప్పినట్టే వచ్చింది. ఆ రోజు మాకు ప్రాక్టికల్ పరీక్షలు. హాలంతా విద్యార్థులు. అయిదు ఈగల పేగులు తీసి, ద్రవం మాత్రం పిండి చూశాను. ఈదేవి ఒక్కటీ కనబడలేదు. పేగులను స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టేశాను.

"తగ్గిందక్కా" అన్నాను.

"నిజంగానా? అట్లయితే బలం లేని పెట్టెలను మంచివాటితో చేర్చేదా?"

చేర్చడమంటే, రెండు గుంపుల మధ్య కాగితం పెడతారు. ఈగలు దాన్ని కొరుక్కుంటూ వచ్చి మెల్లగా కలిసిపోతాయి.

"చేర్చొచ్చు" అన్నాను.

నెల తర్వాత ఆమె తెచ్చిన ఈగలు అన్ని పెట్టెలవీ. పాకేవి కూడా లేవు, అన్నీ చచ్చినవే. ఈసారి పేగును చీల్చి, కడిగి, రంగు వేసి గోడను చూశాను. ఆ జీవులు సందు లేకుండా అతుక్కుని ఉన్నాయి. పాత సీసా తీసి, ఆ అయిదు పేగులనూ చీల్చాను. నాలుగింట్లో అదే. ఆ రోజు అవి పోలేదు. పట్టు వదల్లేదు, అంతే. ఈదేవి లేవని నేను తగ్గిందన్నాను.

ఆమెను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నువ్వు చేర్చొచ్చు అంటివి" అంది.

"అన్నానక్కా. తప్పు నాదే."

డబ్బా మూత బిగించింది. తర్వాత మెల్లగా అంది: "పెట్టె తెరిస్తే వాసనే మారిండె. నాకు తెలిసె. చదివిన పిల్ల చెప్పిందే అని, నా ముక్కును నేనే నమ్మకపోతిని."

ఈ జీవులు మాత్రమే అంత నష్టం చేశాయని తేల్చి చెప్పలేమని కూడా అన్నాను. అది నిజమే. కానీ నన్ను నేను కాపాడుకోవడానికి అంటున్నట్టు నాకే వినిపించి, మధ్యలో ఆపేశాను.

వానలు అయ్యేసరికి పదకొండు పెట్టెలూ ఖాళీ అయ్యాయి. మరుసటి ఏడాది గాంధీపురంలో ఒక బట్టల దుకాణం గోడౌన్ ముందు ఆమె కనబడింది. మూటలు విప్పే పని. ముక్కుకు తువాలు కట్టుకుని దగ్గుతోంది. నన్ను చూసి తువాలు దించింది.

"తిన్నావా అమ్మణ్ణీ?"

తిన్నానన్నాను. ఆమెకు దగ్గు ఆగక, చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా రిపోర్టులో ద్రవానికి ఒక వరుస, గోడకు ఒక వరుస ఉంటాయి. రెండోది నింపకుండా సంతకం చేయను. పెట్టెల మనిషికి ఏమనిపిస్తోందో కూడా అడిగి రాస్తాను. కొత్తగా చేరినవాళ్లు ఎందుకింత చాదస్తం అంటారు. వాళ్లకు ఈ కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, ఆ పరీక్షల రోజు ఇంకో పావుగంట కూర్చుని ఉంటే సరిపోయేదనే చోటికి వచ్చి ఆగిపోతాను.