కొసరుగా తీసిన తుంటి

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. ఇది ముందే చెప్పేస్తున్నాను. కళ్ళతో చూడని సరుక్కి అడ్వాన్సు ఇవ్వని కుటుంబం మాది. గుంటూరులో మిర్చి రైతులకి గోనె సంచులూ, కాయలు ఆరబోసుకునే పట్టాలూ అమ్ముతాను. పట్టాని చేత్తో నలిపి, ఎండకి ఎత్తి పట్టి, ఎక్కడా చిల్లు లేదని తేల్చుకున్నాకే కొంటాను. దేవుడికి కూడా పని అయ్యాకే మొక్కు చెల్లిస్తాను, ముందు కాదు. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నది భయపడి కాదు. కోపంతో. ఆ కోపం ఇంకా దిగలేదు.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి చిలకలూరిపేటలో కిరాణా కొట్టు ఉండేది. నాన్న పోయాక తనే నడిపింది. ఎవరు ఏం కొన్నా, తూకం అయ్యాక గుప్పెడు పైన కొసరు వేసేది. అడిగినవాళ్ళకీ వేసేది, అడగనివాళ్ళకీ వేసేది. తాళాల గుత్తి బొడ్లో దోపుకునేది, అది ఎప్పుడూ ఎడమ తుంటి మీద వేలాడుతుండేది. అందులో కొట్టు తలుపుది పెద్ద ఇనప తాళంచెవి. తల ఉంగరంలా గుండ్రంగా, కాడ పొడుగ్గా ఉండేది. పళ్ళలో మధ్యది విరిగిపోయింది. అయినా అమ్మ తిప్పితే తాళం తెరుచుకునేది, నేను తిప్పితే మొరాయించేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి కొట్టుకి తాళం వేసి అరుగు దిగబోయి పడింది. మేడ మీద నుంచి కాదు. నిలబడ్డ చోటి నుంచి. ఎడమ తుంటి ఎముక పుల్లలా విరిగింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎక్స్ రే చూసి, "ఈ వయసు ఆడవాళ్ళ ఎముకలు ఇంతేనండీ, గుల్లబారిపోతాయి" అన్నాడు. ఇంతే అని మీకు ముందే తెలిసినప్పుడు, ముందే ఎందుకు కొలవలేదని అడిగాను. బీపీ కొలిచారు, షుగర్ కొలిచారు, ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగించారు. ఎముక ఎంత గట్టిగా ఉందో చూపించుకోమని ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు. ఆయన నా వంక చూసి, తర్వాతి పేషెంటుని పిలిచాడు.

అమ్మ మళ్ళీ లేవలేదు. మంచం మీదే వీపు పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఆ వానాకాలంలోనే పోయింది.

గుత్తిలో మిగతా తాళాలు దొరికాయి. ఆ పెద్ద తాళంచెవి మాత్రం దొరకలేదు. అరుగు కింద, కాలవలో, ఆసుపత్రివాళ్ళు మూటకట్టి ఇచ్చిన చీరలో, అన్నిచోట్లా వెతికాం. చివరికి నేనే సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాను. తర్వాత ఆ తలుపు తీసేయించి షట్టరు పెట్టించాం.

ఇప్పుడు ఆ కొట్టు మా సరోజక్క నడుపుతోంది. బావ పోయాక పేటకి వచ్చి కొట్లో కూర్చుంది. అమ్మ లాగే గుత్తి ఎడమ తుంటి మీద వేలాడేసుకుంటుంది. మొన్న మిరపకాయల రోజుల్లో అక్క కుంటడం మొదలుపెట్టింది. గజ్జల్లో నొప్పి అంది. "వాయువులేరా, వెల్లుల్లి తింటే పోతుంది" అంది. కానీ కాటా బల్ల పట్టుకుని లేవడం నేను చూశాను. పడటానికి ముందు ఏడాది అమ్మ లేచినట్టే లేచింది. అక్క కూడా అలాగే పోతుందని నాకు ఆ క్షణం నుంచే గుబులు. బలవంతంగా గుంటూరు తీసుకొచ్చి ఎముకల డాక్టరుకి చూపించాను. ఆయన వెన్నుకీ తుంటికీ ఎముక సాంద్రత కొలిపించుకు రమ్మని రాశాడు.

స్కాన్ సెంటర్ కౌంటర్లో మేనేజరు ఉన్నాడు. చీటీ చూసి, "వెన్నెముక ప్యాకేజీలో వస్తుందండీ. తుంటికి విడిగా కట్టాలి" అన్నాడు.

"డాక్టరు రెండూ రాశాడు కదయ్యా."

"రాస్తారండీ. వెన్ను చూస్తే చాలు. ఒంట్లో ఎముకంతా ఒకటేగా!"

ఎముకంతా ఒకటేనట! మిర్చి యార్డులో టిక్కీ కొనేవాడు బస్తా పైకాయ చూసి రేటు కట్టడు, మధ్యలోకి చెయ్యి దూర్చి చూస్తాడు. ఆ మాత్రం తెలివి స్కాన్ సెంటర్ మేనేజరుకి లేదు. పెద్ద వయసులో వెన్నుపూసలు అరిగి, పెచ్చులు కట్టి, లెక్కకి గట్టిగా కనబడతాయనీ, అదే మనిషికి తుంటి గుల్లగా ఉండొచ్చనీ తర్వాత డాక్టరే నాకు చెప్పాడు.

డబ్బు కట్టలేక కాదు. వాడి నోటికి ఒళ్ళు మండింది. మండితే నాకు బేరం వస్తుంది, అది నా జబ్బు. "వెన్ను కొంటున్నాం కదా, తుంటి కొసరు వెయ్యవయ్యా" అన్నాను. హాల్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. అక్క నా చొక్కా పట్టి లాగింది.

"ఒరేయ్ శేషూ, పరువు తియ్యకు. ఎముకలకి కొసరేంట్రా?"

"నువ్వూరుకో అక్కా. అమ్మ పెట్టిన ఆచారం."

నన్ను వదిలించుకోడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. "సరే, ఒక తుంటి వేస్తాం. ఒకటే." ఎడమది అన్నాను. నొప్పి అటే. లోడు సంచులు బేరం కుదిరినంత సంబరంతో కుర్చీలో కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన సంబరమే, అయినా పడ్డాను.

టెక్నీషియను ఒక అమ్మాయి. ఒంటి మీద ఇనుము, బంగారం ఏమీ ఉండకూడదంది. అక్క గాజులు, గొలుసు, చీర పిన్నులు తీసింది. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "పోగొట్టావో, చంపుతా" అని లోపలికి వెళ్ళి, వాళ్ళిచ్చిన గౌను వేసుకుంది. గుత్తిలో ఉన్నవన్నీ ఈ కాలపు చిన్న తాళాలే. షట్టరుది, బీరువాది, గల్లాపెట్టెది. అంతసేపూ అవి నా గుప్పిట్లోనే ఉన్నాయి. దీని మీద నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి విసురుగా పిలిచింది. "సార్, మీరొకసారి రండి. తాళాలు తియ్యమంటే అమ్మగారు తియ్యలేదు. చూడండి."

"తీశానమ్మా తల్లీ, నీ ఎదురుగానే తీశా!" అని లోపల్నుంచి అక్క కేక.

నేను గుప్పిట తెరిచి చూపించాను. ఆ అమ్మాయి గుత్తి వంక చూసి, కంప్యూటర్ వంక చూసి, తెర నా వైపు తిప్పింది.

వెన్ను బొమ్మ శుభ్రంగా ఉంది. తుంటి బొమ్మలో, బూడిదరంగు ఎముక మీద ఏటవాలుగా, తెల్లగా మెరుస్తూ ఒక తాళంచెవి ఉంది. ఒకటే. పెద్దది. గుండ్రటి తల, పొడుగు కాడ.

నాకు మొదట వచ్చింది భయం కాదు, అనుమానం. కొసరు ఎగ్గొట్టడానికి ఎవరిదో బొమ్మ చూపిస్తున్నారని అనుకున్నాను. ఆ మాటే అనేశాను. ఆ అమ్మాయికి కోపం వచ్చింది. "మీ ముందే మళ్ళీ తీస్తాను, నిలబడి చూడండి" అంది. అక్కని లేపి, గౌను దులిపించి, బల్ల మీద పరుపు ఎత్తి చూసింది. దిండు మార్చింది. మళ్ళీ పడుకోబెట్టి, ఎడమ పాదాన్ని లోపలికి తిప్పి ముక్కోణం దిమ్మెకి పట్టీతో కట్టింది. మిషను చెయ్యి అక్క తుంటి మీద అటూ ఇటూ కదలసాగింది. తెర మీద బొమ్మ కింది నుంచి పైకి, గీత గీతగా వస్తోంది.

ముందు ఎముక వచ్చింది. తర్వాత పళ్ళు వచ్చాయి. మధ్య పన్ను లేదు.

తెర దగ్గరికి వంగాను. కాడ వచ్చింది, తల వచ్చింది. అప్పుడు అక్క పడుకున్న చోటి నుంచే విసుక్కుంది.

"ఏంటమ్మా, తుంటి మీద చల్లటి ఇనుము ఆనిస్తున్నావు?"

అక్క మీద ఏమీ లేదు. ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. మిషను చెయ్యి అక్క ఒంటికి తగలనంత ఎత్తులో ఉంది.

ఆ అమ్మాయి కుడి తుంటి తీసి చూసింది. శుభ్రంగా వచ్చింది. ఈలోపు మేనేజరు వచ్చాడు, ఇంతసేపు ఏం చేస్తున్నారని. సంగతి విని, "ఎడమది రాకపోతే కుడిది ఇచ్చి పంపించెయ్యి. కొసరేగా" అన్నాడు.

అక్కడ నాకు తిక్క రేగింది. "కొసరంటే పుచ్చు సరుకు అంటగట్టడం కాదయ్యా! నొప్పి ఎడమ పక్కనుంటే కుడి పక్క కొలిచిస్తావా? మా అమ్మని ఇలాగే చంపారు. ఎవడికీ పట్టలేదు. ఇప్పుడు మా అక్కనీ చంపుతావా? ఆ ఎడమ తుంటి సంగతి తేలేదాకా ఈ గడప దాటను. ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో!" ఇంకా చాలా అన్నాను, రాయదగ్గవి కావు. మిర్చి యార్డులో అరిచే గొంతు నాది. హాలంతా లేచి నిలబడింది.

ఆ గోలకి లోపల రిపోర్టులు రాసే డాక్టరు బయటికి వచ్చాడు. బొమ్మ చూశాడు. అక్క ఒంట్లో ఎప్పటిదో ఇనప ముక్క ఇరుక్కుందేమో, ఎక్స్ రే తీస్తే తెలుస్తుందన్నాడు. తీశారు.

ఎక్స్ రేలో తాళంచెవి లేదు. ఇనుము అన్నదే లేదు. కానీ డాక్టరు చాలాసేపు ఆ ఫిల్మ్ వంకే చూశాడు. తర్వాత గట్టిగా అరిచాడు. "ఆవిణ్ణి బల్ల దిగనివ్వకండి! చక్రాల కుర్చీ కాదు, స్ట్రెచర్ తెండి!"

తుంటి ఎముక గుండు కింద, మెడలా సన్నబడే చోట వెంట్రుకంత బీట ఉంది. ఇంకా పూర్తిగా విడిపోలేదు. ఒక్క మెట్టు బలంగా దిగినా విరిగిపోయేదన్నాడు. ఏ చోట అని అడిగితే వేలు పెట్టి చూపించాడు. స్కాన్ బొమ్మలో తాళంచెవి పళ్ళు ఆనినది సరిగ్గా అక్కడే.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. అక్క ఇప్పుడు చేతికర్రతో కొట్లో తిరుగుతోంది, అరువు అడిగినవాళ్ళ మీద మునుపటిలాగే అరుస్తోంది.

ఆలోచించిన కొద్దీ నాకు మండుతుంది. ఆ తాళంచెవి కనబడకపోతే ఏమయ్యేది? ఎముక బలం ఇంత తగ్గిందని మైనస్ గుర్తు పెట్టి ఒక అంకె కాగితం మీద వేసి, కాల్షియం బిళ్ళలు వాడమని పంపించేవాళ్ళు. నేను కొసరు గెలిచానని మురుస్తూ అక్కని మెట్లు దింపి, పేట బస్సు ఎక్కించేవాణ్ణి. బస్సు ఫుట్‌బోర్డు ఎంత ఎత్తుంటుందో అందరికీ తెలుసు.

మర్నాడు ఆ బొమ్మ కావాలని సెంటర్‌కి వెళ్ళాను. "అలాంటి ఇమేజ్ ఏదీ సేవ్ కాలేదండీ" అన్నాడు మేనేజరు, నా మొహం చూడకుండా. సంచుల బిల్లు కూడా ఫోన్లో ఫోటో తీసి దాచుకునే నేను, ఆ రోజు ఫోన్ జేబులోంచి తియ్యలేదు. నా అంత జాగ్రత్తపరుడు గుంటూరులో ఉండడు మరి. తిట్టుకుంటూ మెట్లు దిగుతుంటే ఆ టెక్నీషియను అమ్మాయి వెనకే వచ్చింది.

"సార్, ఆ తాళంచెవికి మధ్య పన్ను లేదు కదండీ? నేనూ చూశాను."

పన్ను సంగతి నేను ఆమెతో అనలేదు. ఎవరితోనూ అనలేదు. ఇంకేదో అడగబోయేలోపు లోపలికి వెళ్ళిపోయింది.

స్కానింగ్ మిషన్లు బాగుచేసే ఒకతన్ని అడిగాను. అంతకుముందు పేషెంటు తాలూకు నీడ మిగిలిందేమో అన్నాడు. మిగిలితే వెన్ను బొమ్మలో ఎందుకు లేదు, కుడి తుంటిలో ఎందుకు రాలేదని అడిగితే నవ్వేశాడు. ఈ రోజుల్లో అంత పాత తాళంచెవి బొడ్లో పెట్టుకుని స్కానింగ్‌కి వచ్చేదెవరని కూడా అడిగాను. దానికి నవ్వలేదు.

అక్క ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే అంతా చెప్పాను. పైకప్పు వంక చూస్తూ అడిగింది.

"అమ్మే అంటావా?"

"నేనేమీ అనట్లేదు."

"అమ్మే అయితే, ఎముకలకి బేరమాడినందుకు నీ వీపు మీద ఒకటి చరిచి పోయేదిరా" అని కళ్ళు తుడుచుకుంది.

అమ్మే అయితే నా కోపం రెట్టింపవుతుంది. ఊరందరికీ కొసరు వేసిన మనిషి తుంటి మీద, బతికుండగా ఎవరూ ఒక చూపు కొసరు వెయ్యలేదు. కూతురి ఎముక తూకం సరిచూడటానికి కూడా తనే రావాల్సివచ్చిందా? ఇంతమంది డాక్టర్లు, ఇన్ని మిషన్లు ఎందుకున్నట్టు? ఇప్పుడు నా దుకాణానికి మొగుళ్ళతో కలిసి ఆడవాళ్ళు వస్తారు, పొద్దస్తమానం నేల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు. వాళ్ళు నడుం పట్టుకుని లేస్తుంటే, "అమ్మా, తుంటి ఎముక కొలిపించుకున్నావా?" అని అడుగుతాను. "ముందు పట్టా రేటు చెప్పవయ్యా" అంటారు మొగుళ్ళు. చెప్తాను. చెప్పి మళ్ళీ అడుగుతాను.

దయ్యాలని ఇప్పటికీ నమ్మను. ఆనాడు నేను సుత్తితో పగలగొట్టిన పాత తాళం కప్ప మాత్రం నా గల్లాపెట్టె కింద సొరుగులో ఇప్పటికీ ఉంది. తుప్పు పట్టింది, పారెయ్యలేదు. దాని తాళంచెవి ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడో ఉందని మాత్రం ఈ కళ్ళతో చూశాను.